వెనకాల ఏముందో

గ్రిమ్స్‌బీలో గురువారం సాయంత్రం.
చేపల వేపుడు కొట్టు మీద ఒక గది.
మెట్లెక్కేసరికే కోటుకి నూనె వాసన పట్టేస్తుంది,
దాన్ని ఇంటిదాకా మోసుకెళ్లాల్సిందే.

ఆట చాలా చిన్నది.
ఒకరు గోడమీద ఒక ఫొటో వేస్తారు,
అదెక్కడో మిగతావాళ్లం చెప్పాలి.
గోపురాలూ జెండాలూ పనికిరావు,
బోర్డుమీద ఊరిపేరుంటే ఫొటో చెల్లదు.
ఊరు పట్టుకుంటే మూడు పాయింట్లు, దేశమైతే ఒకటి.
రాసేది నేను, సుద్దముక్కతో.

సెడ్రిక్ నీడలు కొలుస్తాడు.
"ఇంత పొట్టి నీడా! భూమధ్యరేఖ దగ్గర్లోనే" అంటాడు.
పోర్చుగల్ అని తేలాక
టీలో ముంచిన బిస్కెట్ విరిగి పడేదాకా మాట్లాడడు.
లింటన్ కరెంటు స్తంభాలు చదువుతాడు, అరచేతులు చదివినట్టు.
మార్జరీకి అన్నీ క్రొయేషియాలాగే కనిపిస్తాయి,
ఏడాదికి రెండుసార్లు నిజంగానే క్రొయేషియా అవుతుంది.

ఫొటోకీ ఫొటోకీ మధ్య టీ,
టీతోపాటు టీవీ.
వాన గురించి మాట్లాడటం అయిపోయాక ఇక్కడ మిగిలేది అదే.
దీపస్తంభంలో కాపురమున్న ముగ్గురు అక్కచెల్లెళ్ల సీరియల్
ఆఖరి భాగంతో పాడైపోయిందని మార్జరీ.
పాడవలేదు, నీకే అర్థంకాలేదని లింటన్.
నాలుగొందల గడప ఊళ్లో వారానికో హత్య జరిగితే
చర్చికి వెళ్లడానికి ఇంకా ఎవరు మిగిలారని సెడ్రిక్ లెక్కలు.
నాకైతే పాత గడియారాలు బాగుచేసే కార్యక్రమం చాలు,
ఎవరూ చావరు, అప్పుడప్పుడూ ఒక ముల్లు కదులుతుంది.

హెస్టర్ పుట్టి బుద్ధెరిగాక పాస్‌పోర్టు ముట్టుకోలేదు.
ముప్ఫయ్యొక్క ఏళ్లు చేపల ప్యాకింగ్‌లో నిలబడి
మోకాళ్లు అరిగాక సోఫాలో కూర్చుంది.
బల్లమీద ఎక్కువ పాయింట్లు ఆవిడవే.
"హంతకుడెవడైతే నాకేం,
వాడి వెనకాల ఏముందో చూస్తా" అంటుంది.
కిటికీ చట్రం, పాలసీసా మూత,
కన్నీళ్లు పెట్టుకునే నటి భుజం మీదుగా
దూరాన మలుపు తిరిగే బస్సు రంగు.
కార్న్‌వాల్ అని చెప్పి యార్క్‌షైర్ చూపిస్తే
రాతి రంగుని బట్టి పట్టేస్తుంది,
ఛానెల్‌కి ఉత్తరం కూడా రాస్తుంది.

పోయిన నెల ఐవర్ ఒక ఫొటో వేశాడు.
డెబ్బై నాలుగు నాటిది, అంచులు నారింజరంగుకి తిరిగాయి.
సముద్రపు గోడ, ఇనుప రెయిలింగ్,
వీపు మాత్రమే కనిపించే ఒకామె,
చేతిలో ఐస్‌క్రీమ్, గాలికి పక్కకి కారుతోంది.
బ్రిటనీ అన్నారు. ఒస్టెండ్ అన్నారు.
క్రొయేషియా.
"జవాబు?" అన్నాను సుద్ద పట్టుకుని.
"నాకే తెలిస్తే బావుండు" అన్నాడు.
బ్రిటనీకి రెండుసార్లు వెళ్లి వెతికాడట,
మూడోసారికి నడుము ఒప్పుకోలేదట.
ఆమె ఎవరని ఎవరమూ అడగలేదు.
మా ఆటలో 'ఎక్కడ' ఒక్కటే ప్రశ్న.

హెస్టర్ ఫొటోని ఇంటికి పట్టుకెళ్లింది.
రెండు గురువారాలు నోరు మెదపలేదు.
మూడోదానికి కోటైనా విప్పకుండా,
"ఇది క్లీథార్ప్స్, ఐవర్.
కార్ పార్కు వెనక. రెయిలింగ్ తర్వాత పీకేశారు.
కడ్డీల అడుగున ఆ ముడి చూడు,
మా నాన్న పోత పోసిన ఫౌండ్రీది" అంది.

ఇక్కణ్ణించి బస్సులో ఇరవై నిమిషాలు.

ఐవర్ కళ్లజోడు తీసి తుడిచాడు, పెట్టుకున్నాడు, మళ్లీ తీశాడు.
"కానీ ఆ ఎండ" అన్నాడు. "అంత ఎండ ఇక్కడ..."
"ఒక్కోసారి కాస్తుంది" అంది హెస్టర్.

పాయింట్లు వెయ్యాలా వద్దా అని గొడవ.
జవాబు తెలియని ఫొటో చెల్లదని సెడ్రిక్.
అలాగైతే దీపస్తంభం ఆఖరి భాగమూ చెల్లదని మార్జరీ.
ఎటూ తేలక సుద్ద నా వేళ్లకే అంటుకుంది.

ఆదివారం ఒక్కణ్ణే బస్సెక్కాను.
రెయిలింగ్ లేదు. పార్కింగ్ డబ్బులేసే మిషన్ ఉంది,
దాని కింద తడిసిన చిప్స్ కోసం రెండు సముద్రపక్షుల కొట్లాట.
నిలబడి ఒక ఫొటో తీశాను.
అందులో ఓ మూల, బెంచీ మీద,
వీపు ఇటు పెట్టి కూర్చున్న ముసలాయన కోటు
నాకు తెలిసిన నూనె వాసనదే.

ఆ ఫొటో ఇంతవరకూ గోడమీద వెయ్యలేదు.
చూడగానే అందరూ చెప్పేస్తారు.