ఇమానం మోత

రాయపూర్ పాసింజర్లో దిగేవి ఇంగ్లీషు రీళ్ళు,
తుప్పు పట్టిన రేకుపెట్టెలో ఆరు డబ్బాలు.
సైకిలు కేరేజీకి కొబ్బరితాడుతో బిగించి
మూడు లాంతర్ల మీదుగా తొక్కేవాణ్ణి.
పెట్టె మీది పేరు చదవడం రాదు నాకు.
బరువుని బట్టి చెప్పేవాణ్ణి
లోపల యుద్ధం ఎంత పొడుగో.

ఆ హాలు ఇప్పుడు లేదు. చెప్పుల షాపు, దాని మీద ట్యూషన్ సెంటరు.

ఆదివారం పొద్దుటి ఆట. నేల టిక్కెట్టు ముప్ఫై పైసలు.
దొరలు టీ తాగుతూ మీసాల కింద ఏదో గొణిగేవారు,
మేం వేరుశెనక్కాయలు వొలుచుకునేవాళ్ళం.
గంట మోగ్గానే కప్పులు పారేసి
పచ్చిక మీద పడి పరిగెత్తేవారు,
అప్పుడు తొక్కలు దులుపుకుని సర్దుక్కూర్చునేవాళ్ళం:
ముక్కు పైకెత్తుకుని స్పిట్‌ఫైర్లు,
గూని వీపుతో హరికేన్లు,
నాలుగింజన్ల లాంకాస్టరు
పొట్ట తెరిచి, గేదె ఈనినట్టు,
చీకట్లోకి బరువంతా దించుకునేది.

ఓసారి తెర మీద సైరన్ కూసింది.
బెంచీల్లోంచి ఇరవైమంది లేచి నిలబడిపోయేరు.
నెల్లిమర్ల జూట్ మిల్లు వాళ్ళు,
రాత్రి షిఫ్టు దిగి తిన్నగా వచ్చినవాళ్ళు,
నిద్దట్లోనే కాళ్ళు చెప్పులు వెతుక్కున్నాయి.
అందరం నవ్వేం. వాళ్ళూ నవ్వి కూర్చున్నారు.
ఒకడు మాత్రం నిజంగానే వెళ్ళిపోయేడు.

ఆపరేటరు సన్యాసిరావుకి అన్నీ తెలుసు.
తెగిన ముక్క లైటుకి పెట్టి, భూతద్దంలోంచి చూపించేవాడు:
"ఇదిగో, రెక్కకి తీగ. అరచెయ్యంత బొమ్మ.
అది మబ్బు కాదురా, దూది.
ఈ మండుకుంటూ పడిపోతందే,
పోయిన నెల సినిమాలోనూ ఇదే పడింది.
పాపం, ఎన్నిమాట్లు చస్తాది."

దాలినాయుడు అసలు తెర చూసేవాడు కాదు.
మూడో వరస, గోడవార, కళ్ళు మూసుకుని.
యుద్ధం రోజుల్లో వాల్తేరు వేపు
దొరల ఇమానాలకి ప్లగ్గులు తుడిచిన చేతులు
ఇప్పుడు సైకిళ్ళకి పంచర్లేస్తున్నాయి.
ఉండుండి కేకేసేవాడు:
"అది దాని మోత కాదర్రా!
బొమ్మ హరికేనుది, దగ్గు ఇంకేదో ముసల్దానిది!"
"కూకో తాతా!"
"నాను కూకునే ఉన్నాను."

పంకా ఎందుకు వెనక్కి తిరిగినట్టు కనపడుతుందని
నేనడిగితే సన్యాసిరావు గడుల లెక్కేదో చెప్పేడు.
దాలినాయుడు, "తిరగనీరా," అన్నాడు,
"ఎనక్కే మంచిది."

ఒక్క సినిమాకి అతను అరవలేదు.
తల పక్కకి వాల్చి
పక్కింట్లో పసిపిల్ల ఏడుపు వింటున్నట్టు ఉండిపోయేడు.
ఆట అయ్యేక బీడీకట్ట పట్టుకుని కేబినెక్కేడు.
"బొమ్మొద్దు బావూ. ఆ నాలుగో రీలు. మోత సాలు."

సన్యాసిరావు అద్దానికి అట్టముక్క అడ్డం పెట్టేడు.
ఖాళీ హాలు, తలుపులు మూసేం,
కింద తొక్కలు, పైన ఎలకలు,
మధ్యలో ఇంజను.
ముందు గొంతు సవరించుకుంది, తర్వాత పట్టుకుంది,
రేకు కప్పు బోల్టులు సన్నగా వణికేయి.
పక్కన కూర్చున్నాన్నేను.
చీకట్లో అతని వేళ్ళు కదులుతున్నాయి,
లేని నట్టుని లేని స్పానరుతో
పావు తిప్పు, ఇంకో పావు.

"ఇన్నావా?"
"ఏటి?"
"పన్నెండిట్లో ఒకటి అందుకోవట్లేదు."
నాకు అన్నీ ఒకటే మోత.
"నానే సూసేను. నానే బాగున్నాదని సెప్పేను.
పరిగెత్తు, పైనున్నోడికి సెప్పు,
దించీమను."

రెండేసి మెట్లు ఎక్కేను.
అప్పటికే రీలు అయిపోయి
తోక టపటపా కొట్టుకుంటోంది.
"దించీమన్నాడు," అన్నాను, రొప్పుతూ.
సన్యాసిరావు అట్టముక్క తీసి నాకేసి చూసేడు.
"ఎవర్ని?"