మూడు బిళ్ళల మందం

గోదాంల అందరూ కత్తి గురించి తెలిసినోళ్ళే.
పొడుగుది కొనమని యాదగిరి.
సన్నదైతే జల్ది పదునెక్కుతదని కాటా కాడి మల్లయ్య.
మడత కత్తి కన్న బ్లేడు నయం, విరిగితే పారేస్తవని
లారీ క్లీనరు షబ్బీరు.
వేలు తెగింది మాత్రం నాది.

బేస్తవారం పొద్దుగాల జుమ్మెరాత్ బజార్ల
తిరగని ఫ్యాన్లు, ఒంటికాలి బూట్లు, చెవుల్లేని తాళాలు దాటి
కరామత్ సాబ్ గోనెపట్టా ముంగట కూసున్న.
"మడత కత్తి గావాలె. మందంది. విరగనిది."

కత్తి చూపియ్యలే.
"ముందు చెయ్యి చూపియ్యమ్మా" అన్నడు.
జాతకం చెప్తడా అనుకున్న.
నాలుగు వేళ్ళ అడ్డం జానతోని కొలిచి
చూపుడువేలు కాడ ఆగిండు.
ఉస్మానియాల వేసిన మూడు కుట్ల గీత,
ఏ రేఖ లెక్కలోకీ రానిది.

"లాకు జారిందా?"
"జారింది."
"కోస్తుంటెనా, పెకలిస్తుంటెనా?"

నేను చెప్పలే.
అఫ్జల్‌గంజ్ ట్రాన్స్‌పోర్టుల
పదకొండేండ్ల సంది బేళ్ళు ఇప్పుతున్న.
సూరత్ చీరెలు, భివండి తువ్వాళ్ళు.
ప్లాస్టిక్ పట్టీ, సుతిలి, దాని కింద గోనె,
దాని కింద ఇంకో గోనె. అన్నీ కోసుడే.
ఆ రాత్రి మాత్రం చెక్కపెట్టె.
బండి కదులుతాంది, సేటు గడియారం చూస్తాండు,
గడ్డపార ఎవడో పట్కపోయిండు.
మొల సందుల మొన దూర్చి ఎత్తిన.
మొన పెట్టెల ఉండిపోయింది.
మిగిలింది నా వేలు మీద మూసుకున్నది,
పుస్తకం మూసినంత సప్పుడు గూడ లేకుంట.

కరామత్ సాబ్ మూడు పరిచిండు.

మొదటిది నల్లరంగు, పిడి మీద పుర్రె బొమ్మ.
తెరిస్తే పక్కకు ఊగింది, వదులైన పన్ను లెక్క.
"ఇది ఫొటోలు దిగేటోళ్ళకు" అని ఆయనే అవతల పెట్టిండు.

రెండోది ఇత్తడి పిడి, ముద్దొస్తది.
వాళ్ళ నాయిన చేతిదంట. అమ్మనీకే పెట్టిండు గని
నేను పట్టుకున్నంతసేపు దానిదిక్కే చూసిండు.
నేనే పెట్టేసిన.

మూడోదానికి ఏ అందం లేదు. బర్రె లెక్క ఉన్నది.
వీపు మందం చూపెట్టనీకి
రూపాయి బిళ్ళలు పక్కన పేర్చిండు,
ఒకటి, రెండు, మూడు.
బొటనవేలితోని నూకిన.
టక్.
మంచి తలుపుకు గడియ పడ్డట్టు.
గట్టిగ పట్టి ఊపిన. అది ఊగలే, నేనే ఊగిన.

"గిది విరగది గద?"

ఆయన నవ్వలే. తోపుడుబండి మీంచి
ఒక జామకాయ తెచ్చి కొయ్యమన్నడు.
సగం దాక తెగింది.
సగం నుంచి పగిలింది.

"చూసినవా, మందం వస్తే సన్నతనం పోతది.
రెండూ ఇచ్చే ఇనుము నా పట్టా మీద లేదు,
నీ సేటు ఇంట్ల లేదు.
ఇంకోటి ఇను. వీపు ఎంత బలిసినా మొన మొననే.
పెకలిస్తే ఇది గూడ విరుగుతది, కాకపోతే ఆలస్యంగ.
అప్పుడు మూడు కుట్లతోని ఇడువది."

తొమ్మిది వందలన్నడు. అయిదన్న.
ఆరున్నరకు తెగింది బేరం,
పగిలిన జామకాయ ఇద్దరం తిన్నంక,
ఉప్పుకారం లేకుంటనే.

రాత్రి భివండి బేలు.
పట్టీ తెగింది, సుతిలి తెగింది.
నా చెయ్యి ఇంక పాత కత్తి లెక్కనే ఒత్తుతాంది,
పై తువ్వాల జానెడు చీరింది.
సేటు నా పేరు మీద నూటపది రాసిండు.
ఆ తువ్వాల్నే సగానికి చింపి కత్తికి చుట్టిన.

పదకొండు దాటినంక చెక్కపెట్టెలు దిగినయ్.
అదే సామాను, అవే మొలలు.
చెయ్యి దానంతటదే బొడ్లె కాడికి పోయింది.
మూడు బిళ్ళల మందం, తువ్వాల లోపల, సల్లగ.
కుట్ల గీత గుంజింది.

"బిక్షపతీ, గడ్డపార ఏడున్నదిరా?"

సేటు గడియారం చూసిండు.
చూడనీ.