తెడ్డు చెవి

బందరువానిపేట రేవుకి ఎదురుగా
పదకొండు రోజులుగా ఓడ ఒకటి,
వెనక మైళ్ళ పొడుగు తోకతో.

మా నాన్న, మైలపల్లి కొర్లయ్య,
తెడ్డు నీళ్ళలో దించి
పిడి చెవికి ఆనించేవాడు.
గొరకల గుంపు గురక వినబడితే
"ఇక్కడెయ్యండ్రా వల" అనేవాడు.
ఎన్ని బారల లోతో, అడుగున ఇసకో బురదో
సీసంగుండుకి అంటిన మట్టి నాకి చెప్పేవాడు.

ఇప్పుడు నేను ఆ ఓడకి కాపలా పడవ మీద.
రోజుకి ఎనిమిది వందలు.
ఎర్రజెండా ఊపి
మా చినమావ వలల్నే పక్కకి తప్పిస్తాను.
తిట్టడు. మొహం చూడడు.

నిన్న ముసలాడు వస్తానన్నాడు. తీసుకెళ్ళాను.
తెడ్డు దించాడు. చెవి ఆనించాడు.
పది లెక్కెట్టేలోగా
ఎవరో గుద్దినట్టు తల వెనక్కి లాక్కున్నాడు.
మళ్ళీ ఆనించాడు. మళ్ళీ.

"ఏటి ఇనబడతంది నాన్నా?"

"తలుపు కొడతన్నారు.
లోపల్నించి ఎవులూ పలకట్లేదు."

తిరిగొస్తుంటే ఇంజన్లో డీజిలు అయిపోయింది.
డబ్బా అందించింది ఆయనే.
మూత వాసన చూసి,
గుండు మట్టి చూసినట్టే
నాలిక కొసకి రాసుకున్నాడు.
"ఇదేనేటి ఆల్లు ఎతుకుతన్నది?"

చాలాసేపు ఉమ్మలేదు.