ఊక బూడిద గీత

బాలశౌరి సారును తీసేసిన తెల్లారి
కమిటీ రూముల నన్ను కూసోబెట్టి అడిగిండ్రు:
"నువ్వు రెండు దిక్కులా ఉన్నోనివి.
చెప్పు, తప్పెవరిది?"

రెండు దిక్కులా ఉన్నమాట నిజమే.
పొద్దుగాల గ్రౌండుల గీతలు గీస్త,
మాపటికి మీటింగుల చాయ్ పోస్త.
మిర్యాలగూడ క్లబ్బుకు పదకొండేండ్ల సంది
నేనే సున్నం, నేనే చాయ్.

సారు ఎండకాలం వచ్చిండు.
సికింద్రాబాద్ బండి దిగితే భుజానికి ఒక్కటే సంచి,
అండ్ల బట్టలకన్న బంతులెక్కువ.
చెప్పులిడిచి గ్రౌండంత తిరిగిండు.
యాడ గుంతుందో పాదానికి తెల్వాలె అన్నడు.
నాకు గా మాట నచ్చింది,
ఇప్పటికి గూడ నచ్చుతది.

పురుషోత్తం సేటు దండేసి ఏమన్నడు?
"మూడేండ్లు మీయే. మేం నోరు తెరవం."
మూడు నెలలకే తెరిచిండ్రు.
సద్దుల బతుకమ్మ నాడు షాబుద్దీన్‌ను అమ్మిండ్రు,
పద్నాలుగు గోల్సు కొట్టిన పోరన్ని,
లారీకి టైర్లేయించే పైసలకు.
సారుకు ఎవ్వరు చెప్పలె.
తెల్లారి ప్రాక్టీసుకు పదిమందే వస్తే
లెక్కబెట్టి, మల్ల లెక్కబెట్టి, నా దిక్కు చూసిండు.
నాకు ముందే తెలుసు.
ఆ రాత్రి చాయ్ పోసింది నేనేనాయె.

జీతం ఆగింది. మొదటి నెల ఏమనలె.
మూడో నెల చేతికి గడియారం లేదు,
"ఎంతైంది" అని నన్నడుగుతుండె.

ఇంత చెప్పినంక కమిటీదే తప్పనొచ్చు.
రైసుమిల్లు హమాలీలు అదే అంటున్నరు,
ఆటో స్టాండుల అదే.
గాని సేటు మేనల్లుడు వంశీధర్ సంగతి ఎవ్వరెత్తరు.
ఎడమకాలు పిలగాడు.
బంతి వాని మాట ఇంటది, నేను చూసిన.
సారు వాన్ని పదహారు ఆటలు బెంచి మీదనే ఉంచిండు.
అత్త మీది కోపం దుత్త మీద.
ఆటకు ముందు బూట్ల లేసులు కట్టుకునుడు,
అయినంక ఇప్పుకునుడు,
నడుమ ఏం లేదు వానికి.

ఓడితే సారు మాట్లాడకపోతుండె.
కోదాడల నాలుగు తిన్ననాడు
వ్యాన్ల ముందు సీట్ల కూసోని
తొవ్వ పొడుగుత కాల్వనే చూసుకుంట వచ్చిండు.
ఎనక గోల్‌కీపర్ లింగస్వామి ఏడుస్తుండు.
ఒక్కసారి ఎనకకు తిరిగితే ఏం పోవు?

ఆడలేక మద్దెల ఓడంటరు.
సరే. మద్దెల నిజంగనే పగిలుంటే
ఆ మాట ఎవరు చెప్పాలె?
వాయించేటోడే చెప్పాలె,
వాడు చెప్తే మీరు నవ్వుతరు.

ఇగ ఆఖరి ఆట, నల్లగొండ మీద.
గెలిస్తే లీగుల ఉంటం.
సున్నం లేదు. బిల్లు మీద సంతకం ఆగి రెండు వారాలు.
సేటు మిల్లు ఎనక కుప్పలకెల్లి
తట్టలు తట్టలు ఊక బూడిద మోసి గీసిన.
సారు వచ్చి చూసిండు.
"గాలొస్తే?" అన్నడు.
"రాదు సార్."

మూడు గంటలకు లేసింది గాలి.

పది నిమిషాలుందనంగ వంశీధర్‌ను దించిండు,
ఆఖరికి.
ఎడమకాలు. బంతి అడ్డ కర్రకు తాకి
నిట్టనిలువున కింద పడ్డది.
గీత అవతలనా, గీత మీదనా?
రెఫరీ ఉరికొచ్చి వంగి చూసిండు.
గీత లేదు.

బూడిదంత లేసి జనం మీద పడ్డది.
అక్కడ సేటు కండ్లు నులుముకుంటుండు,
ఇక్కడ సారు నులుముకుంటుండు.
ఒకటే బూడిద.

సెక్రటరీ మినిట్స్ బుక్కు తెరిచిండు.
పేజీ గుర్తుకు నడుమ పెట్టుకున్న కాయితం
సున్నం బిల్లు.
పెన్ను మూత తీసి నా మూతి దిక్కు చూస్తుండు.

గ్లాసులు కడిగేదుందని లేచిన.
తలుపు కాడ ఆగి
"రాసుకోండ్రి" అన్న,
"గాలి రాదని చెప్పింది నేను."

రాసుకున్నరు.
అందరు, ఒక్కలు గూడ మిగలకుంట,
సంతకం పెట్టిండ్రు.