తువాలు కింది చెయ్యి

పదకొండు వాచీలు, ఒక్క ఎడమ చెయ్యి.
అందుకే గోడకు డ్యూటీ చార్టు రాసి అంటించినా,
ఆదోని డిపోలో మాకు రాసినట్లే:
సోమవారం టిస్సో, మంగళవారం రోమర్,
ముల్లు విరిగిన టైటస్‌కు వీక్లీ ఆఫ్.
మిగతావాటిని దినాం రాత్రి
పెట్టెతో పాటు ఊపుతా, చంటిబిడ్డను ఊపినట్లు.

తాళం తిప్పే పని లేని వాచీలివి.
చెయ్యి ఆడితే లోపల అర్ధచంద్రం ఒకటి ఊగుతాది,
అదే వాటి తిండి.
ఎమ్మిగనూరు రోడ్డు గుంతలకు
నా ఎముకలు తిట్టుకుంటాయి గానీ
అవి కడుపునిండా తింటాయి.

అన్నిట్లోకి పెద్దది ఉరుకుందప్పది.
పత్తి మార్కెట్లో దలాలీ ఆయప్ప. యాభై ఏడులో కొన్నెది.
వెనక మూత మీద మేకుతో గీకినట్లు
'ఉ' అని ఒక్క అక్షరం.
దాంట్లో బరువు పూర్తిగా తిరగదు,
సగం పోయి స్ప్రింగుకు తగిలి వెనక్కొస్తాది.
టక్. మళ్లా టక్.
మణికట్టు మీద ఎవరో వేలితో పిలిచినట్లు.

తువాలు కింద వేళ్లు పట్టుకోని
ధర తెగ్గొట్టే కాలం అది.
రెండు వేళ్లు నొక్కితే ఎంతో, అరచెయ్యి గీరితే ఎంతో
పక్కనోనికి తెలీదు, రైతుకు సగమే తెలుసు.
ఈ వాచీకి అంతా తెలుసు.
ఆ బేరాలు తినే కదా అది బతికింది.

డయలు నిండా మచ్చలు, పాత బెల్లం రంగు.
'పెయింటు కొట్టిచ్చి ఇస్తా, మెరుస్తాది' అన్నాడు అమ్మినోడు.
వద్దప్పా అన్నా.
మొగానికి సున్నం కొట్టుకున్నోన్ని
యా ఊరోడివని అడిగేది ఎట్ల?

పోయిన శ్రావణంలో ఫుట్‌బోర్డు మీద జారి చెయ్యి ఇరిగె.
నలభై దినాలు కట్టు.
రెండో దినానికే పెట్టెలో ఒకటెనక ఒకటి నిలబడినాయి,
ఒక్కోటి ఒక్కో టైము కాడ,
పదకొండు ఊర్లలో చెడిపోయిన బస్సుల మాదిరి.

పండుకోని వింటాండా.
వంటింట్లో సుంకులమ్మ జొన్నరొట్టె తడుతాంది,
టప టప టప,
ఆ సప్పుడు సందులో, టక్.

లేచి పోయి చూస్తే
పిండి చేతికి ఉరుకుందప్ప వాచీ.
'ఊరికే పడుంటే సచ్చిపోదా?'
అనింది, తల ఎత్తకుండానే.

కట్టు ఇప్పినాక చూస్తే
దినానికి ఎనిమిది నిముషాలు ముందు పోతాంది.
చాంద్‌పీరా అంగడికి తీసకపోయినా.
కంటికి అద్దం బిగించుకోని, మూత తీసి,
అంచున ఇరుక్కున్న జొన్నపిండిని ఉఫ్‌న ఊది,
చెవికాడ పెట్టుకోని శానాసేపు విన్యాడు.

'దీనికి రోగమేం ల్యాదప్పా.
ఎవరిదో చెయ్యి జోరుగా ఉండాది.'