పాడినందుకు మూడు పెన్నీలు

మాకు దొరికింది ఒక్క వరుస.
స్కారహేవెన్ రేవులో హెర్రింగ్ చేపల వ్యాపారి
ఉప్పు మరకల జమాఖర్చు పుస్తకంలో:
"ఎల్స్‌పెత్ స్లేటర్. పనివేళ పాడినందుకు
జరిమానా మూడు పెన్నీలు."
అంతే.
ఏం పాడిందో రాయలేదు.
గుమాస్తాకి వసూలుతోగాని పాటతో పనేముంది?

ఆ గోరంతలోంచి కొండంత అక్కర్లేదు,
నలభై ఐదు నిమిషాలు తీస్తే చాలు.
రెండు బడిగంటల మధ్య ఇమడాలి.
ఐదుగురు నటులం, ఒక తెల్ల వ్యాను.
వ్యానులో పట్టనిదేదీ చరిత్ర కాదని
మోర్వెన్ మొదటిరోజే తేల్చేసింది.
అలా రేవు పోయింది. ఓడలు పోయాయి.
పదకొండు పడవల్ని మింగిన తుఫాను
మడతపెట్టే నీలం దుప్పటి అయింది.
ఒకదానిలో ఒకటి దూరే మూడు పీపాలు మిగిలాయి,
పాత గొడుగుల గుడ్డతో కుట్టిన
రెండువందల చేపలూ.

చర్చి హాల్లో రిహార్సల్.
హీటర్ వేస్తే ఫ్యూజు పోయి కీబోర్డు ఆగుతుంది,
కీబోర్డు వేస్తే నా వేళ్ళు ఆగుతాయి.
పల్లవి కుదిరింది.
చరణంలో మూడో పాదం దగ్గర మాత్రం
రోజూ స్ట్రూవన్ కాలు జారతాడు.
"నిమిషానికి అరవై" తాళంలో పట్టదట.
"'ఎన్నో చేపలు' అందాం," అన్నాడు.
"ఎన్నో ఏంటి? వాళ్ళకి లెక్కగట్టే కూలి ఇచ్చారు.
మళ్ళీ మొదట్నించి," అంది మోర్వెన్.

రెండోవారం ఫీమీ బ్యూకన్ వచ్చింది.
తొంభై ఒకటేళ్ళు. పదిహేనో ఏట కత్తి పట్టిన మనిషి.
కూర్చోకుండానే ఇష్‌బెల్ చెయ్యి లాక్కుని
వేళ్ళకి చుట్టిన గుడ్డపీలికలన్నీ విప్పేసింది.
"గాయానికి కట్టు కాదమ్మా ఇది,
గాయం కాకుండా కట్టేది."
కొత్తగా చుట్టి, కట్టుడు పళ్ళతో ముడి బిగించి,
"ఇప్పుడు చీల్చు," అంది.
ఇష్‌బెల్ గొడుగుగుడ్డ చేపని చీల్చింది.
ఫీమీ నవ్వలేదు.

ఏం పాడేవారని అడిగాం.
"కీర్తనలు," అంది.
టీ తాగింది. బిస్కెట్ నానబెట్టుకుని తింది.
పాస్టరు ఎక్కడా లేడని చూసుకుని
మేస్త్రీ మీద కట్టిన పాటొకటి అందుకుంది.
రెండో మాటకే స్ట్రూవన్ చెవులు ఎర్రబడ్డాయి.
బడిపిల్లల ముందు ఒక్క ముక్కా పనికిరాదు.
మాటలు ఆమెకే వదిలి, వరస దొంగిలించాం.
ఎల్స్‌పెత్ నోట ఆ రాత్రే పెట్టాను దాన్ని.
మూడో పాదం ఇట్టే కూర్చుంది,
అరవై చేపలతో సహా.

మొదటి బడి. ఉడికిన బీన్స్ వాసనేసే వ్యాయామశాల.
సముద్రం ఒక కొస గోడ నిచ్చెనకి చిక్కుకుంది,
తుఫానంతా వంకరగానే వచ్చింది.
పిల్లలకి అదే నచ్చింది.
ముందువరసలో ఒక పిల్ల చేపలు లెక్కపెడుతూనే ఉంది.
చివరిపాటకి అందరం పీపాలెక్కి
పాటకి జరిమానా వెయ్యగలరా అని గొంతెత్తాం.
చప్పట్లు. టీచర్లూ కొట్టారు.

"ప్రశ్నలేమైనా?"
వెనకనించి ఒక చెయ్యి.
ముందుపళ్ళు రెండూ లేని కుర్రాడు.
"ఆ డబ్బులు ఆవిడకి తిరిగిచ్చేశారా?"

ఇష్‌బెల్ మోర్వెన్ వైపు చూసింది.
మోర్వెన్ నా వైపు చూసింది.
రాసినవాణ్ణి నేను కదా.
"తెలీదు," అన్నాను. "పుస్తకంలో లేదు."
వాడు కాస్త ఆలోచించాడు.
"మరి చివర్లో అంత సంతోషంగా ఎందుకు పాడారు?"

వ్యానులో ఎవరం మాట్లాడలేదు.
పెట్రోలు బంకు దాటాక
పీపా మీద కాగితం పెట్టుకుని
చివరిపాటలో నాలుగు పాదాలు కొట్టేశాను.
ఎల్స్‌పెత్ జీతం కవరు తెరుస్తుంది.
నాణేలు లెక్కపెడుతుంది. మళ్ళీ లెక్కపెడుతుంది.
పాడటానికి నోరు తెరుస్తుంది.
అక్కడ కీబోర్డు ఆపేస్తాను.

"ఎంతసేపు?" అంది మోర్వెన్, రోడ్డు మీంచి చూపు తిప్పకుండా.
రేపు తొమ్మిదింటికి ఇంకో బడి.
"ఎవరో ఒక పిల్లాడు దగ్గేదాకా," అన్నాను.