మూరెడు పక్కకి

వారమంతా ఈ కర్ర కొసన రోలర్ ఉంటుంది.
రెండు కోట్ల ఇంటికి రెండు కోట్ల తెలుపు,
మెడ వెనక్కి విరుచుకుని, సీలింగు కింద.

పని మొదలుకాకముందు, అయిదున్నరకి,
రోలర్ ఊడదీసి కొబ్బరి చిప్ప కడతాను.
వెదురు ముక్క ఒకటి అతుకు వేస్తే
ఇరవై రెండడుగులు.
కె.ఆర్. పురం అవతలి చెరువులో
గుర్రపుడెక్క విడిచిన సందు దాకా
సరిగ్గా అంతే దూరం.
కంచె దగ్గర వాచ్‌మన్ అడుగుతాడు, ఏం కర్ర అది అని.
పెయింటు కర్ర అంటాను.
అబద్ధం కాదు.

నేర్పింది మునియప్ప.
రైల్వే గ్యాంగులో చేసి దిగిపోయిన మనిషి,
తెలుగూ కన్నడమూ ఒకే పంటి కింద నమిలి మాట్లాడతాడు.
"విసరొద్దురా ఓబులేసూ.
విసిరితే రాయి. పెడితే అన్నం.
బంగారు తీగకి చెవులు లేవనుకుంటివా,
ఒళ్ళంతా చెవులే దానికి."

ముద్ద కూడా ఆయన లెక్కే:
రాత్రి మిగిలిన సంగటి, వేరుశనగ చెక్క,
గుప్పెడు తవుడు, గోరంత బెల్లం.
సోంపు మాత్రం నేను కలిపాను,
హోటల్లో భోజనమయ్యాక ఇస్తారు కదా అని.
"తినకముందే బిల్లు చేతిలో పెడతావేమిరా" అని నవ్వాడు.

కర్ర చాపడం చూసినంత సులువు కాదు.
కొస బరువుకి వంగుతుంది.
నీళ్ళకి బెత్తెడు ఎత్తులో చిప్పని నడిపించాలి,
నిద్రపోయే పిల్ల తల కిందనుంచి చెయ్యి లాక్కున్నట్టు.
చివర్లో మణికట్టు ఒక్క తిప్పు.
చప్పుడు రాకూడదు.
ఉంగరాలు రావచ్చు, మూడుకి మించకూడదు.

ఆయన చేతులు వణుకుతాయి, అందుకని కర్ర నాది.
నా చేతులకి ఓపిక లేదు, అందుకని గాలం ఆయనది.
బెండు పక్కనే నా ముద్ద, ముద్ద పక్కనే ఆయన ముల్లు.
పెట్టే చెయ్యి వేరు, పట్టే చెయ్యి వేరని
హాయిగా ఉండేవాణ్ణి ఇన్నాళ్ళూ,
అమ్మిన డబ్బులో సగం లెక్కపెట్టుకునేటప్పుడు కూడా.

కంటి పొర తీయించుకోవడానికి ఆయన కోలారు పోయాడు.
"తొమ్మిది దినాలు. మేపుతా ఉండు.
అలవాటు తప్పనీయకు."

తొమ్మిది పొద్దులు, ముల్లు లేని అన్నం.
నాలుగో నాడు బుడగలు నాకంటే ముందే వచ్చి కూచున్నాయి.
ఆరో నాడు చిప్ప నీడ పడగానే
నీళ్ళ కింద ఇత్తడి చెంబు పొర్లినట్టు ఒక మెరుపు.
ఎనిమిదో నాడు చూశాను దాన్ని:
పై పెదవికి పాత చీలిక.
నోరు ముందుకు సాచి, పీల్చి, ఊసి, మళ్ళీ పీల్చి,
మా నాయన పళ్ళూడినాక సంగటి తిన్నట్టు.

వెలుతురొస్తే ఎదుటి టవరు నీళ్ళలో తలకిందులవుతుంది.
నేను ముద్ద పెట్టే చోటు
పద్నాలుగో అంతస్తు బాల్కనీ.
పని అయిపోయిన మర్నాటి నుంచి
ఆ ఇంటి గేటు నాకు తెరవరు.
ఇది మాత్రం దర్జాగా లోపలికి పోయి
హాల్లో కూచుని తింటోంది.

మంగళవారం మునియప్ప వచ్చాడు, నల్లద్దాలతో.
ఎర గుచ్చాడు. బెండు నిలబెట్టాడు.
"ఊఁ, వడ్డించు."

కర్ర చాపాను. బెత్తెడు ఎత్తు. చప్పుడు లేదు.
మణికట్టు తిప్పే ముందు
జానెడు, కాదు, మూరెడు పక్కకి జరిపాను.

ఆరేళ్ళలో మొదటిసారి గురి తప్పింది.
తప్పడానికి కూడా గురి కావాలి.

మూడు ఉంగరాలు.
బుడగలు అటే నడిచాయి.
బెండు ఉన్నచోటే నిలబడింది,
పిలవని పేరంటానికి వచ్చినదానిలా.

మునియప్ప అద్దాలు నుదుటి మీదికి తోశాడు.
కొత్త కన్ను, కడిగిన గాజులా.
నీళ్ళ వంక చూశాడు, కర్ర వంక, నా మణికట్టు వంక.
"గాలి," అన్నాడు.

అవునన్నాను.

నీళ్ళలో పద్నాలుగు అంతస్తులూ
ఒక్క ముడత లేకుండా నిలబడి ఉన్నాయి.